జరగనివ్వని నష్టానికి జ్ఞాపిక

(పర్యావరణ ప్రణాళికా నిపుణుల వార్షిక పురస్కార సభలో జ్యూరీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈరోజు అవార్డులు అందుకోబోతున్న మిత్రులకు, స్కాలర్‌షిప్ వచ్చిన విద్యార్థులకు, వాళ్లతో పాటు వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారాలు. జ్యూరీ తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగంటే నాలుగే అని మీరెవరూ నమ్మరని నాకు తెలుసు. అయినా మరీ సాగదీయను.

మన వృత్తిలో అవార్డు ఇవ్వడం చిక్కుతో కూడిన పని. వంతెన కట్టిన ఇంజినీరు దాన్ని చూపించి ఇదీ నేను చేసింది అనగలడు. ఆర్కిటెక్టుకు భవనం ఉంటుంది. మనం ఏం చూపిస్తాం? రోడ్డు పడకుండా మిగిలిపోయిన చిత్తడి నేలనా? అక్కడికి వెళ్లినవాళ్లకు కనిపించేది నీళ్లు, రెల్లు గడ్డి, నాలుగు కొంగలు. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి మీటింగుల్లో కూర్చుని, మాటలు పడి, ఆ రోడ్డును పక్కకు జరిపించారని చెప్పే బోర్డు అక్కడ ఉండదు. జరగని నష్టాన్ని ఎవరూ ఫొటో తీయలేరు.

అందుకే నామినేషన్లు తెరిచినప్పుడు ఫొటోలున్న ఫైళ్లు ముందుకు దూసుకొస్తాయి. ఈసారీ అలాగే వచ్చాయి. పార్కులు, వాకింగ్ ట్రాకులు, శుభ్రం చేసిన కాలువ గట్లు. చూడముచ్చటగా ఉన్నాయి, కాదనను. కానీ ఫొటో చూసి మార్కులు వేసేస్తే అడగాల్సిన ప్రశ్న అడగం. సియోల్ నగరం నడిబొడ్డున చోంగ్యేచోన్ అని ఒక వాగు ఉంది. దాని మీద కట్టిన ఫ్లైఓవర్‌ను పడగొట్టి, 2005లో మళ్లీ వాగును బయటికి తెచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే కూడా. కానీ అందులో పారే నీళ్లలో చాలావరకు హాన్ నది నుంచి పంపులతో ఎక్కించినవే. ఆ సంగతి ఫొటోలో కనిపించదు. పనిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. కరెంటు ఎంత కాలుతోంది, పంపులు ఆపితే ఏమవుతుంది అని అడగకుండా చప్పట్లు కొడితే మనం ప్లానర్లం ఎలా అవుతాం?

మా జ్యూరీలో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది ఒక్క ఫొటో కూడా లేని నామినేషన్ మీద. పంపినవారు జత చేసింది రెండు మ్యాపులు. మొదటి దాంట్లో ఒక పైప్‌లైన్ గీత, రెండో దాంట్లో అదే గీత కాస్త పక్కకు జరిగి ఉంది. రెండిటికీ మధ్య ఆరు వందల మీటర్ల దూరం. అంతే. ఆ ఆరు వందల మీటర్లలో ఒక వాగు పుట్టే చోటుందని కింద ఒక్క లైను రాశారు. దానికి సాక్ష్యంగా ఎండాకాలంలో కొలిచిన నీటి మట్టాల పట్టిక పెట్టారు. జ్యూరీలో ఒకరు "ఇందులో ఏముంది చూపించడానికి?" అన్నారు. ఇంకొకరు ఆ పట్టిక మీద వేలు పెట్టి, "ఇది ఎవరు కొలిచారో చూడండి" అన్నారు. కొలిచింది ఆ కన్సల్టెంటే, తన ఖర్చుతో. కాంట్రాక్టులో అది లేదు. ఆ నామినేషన్‌కు ఏమైందో ఇప్పుడే చెప్తే నిర్వాహకులు ఊరుకోరు, కాసేపాగండి.

మన వృత్తి అసలు బలం ఎక్కడుందో తెలిపే ఉదాహరణ ఒకటి కాస్త వివరంగా చెప్పాలనుంది. 1968లో అమెరికాలో, ఫ్లోరిడా దక్షిణాన, బిగ్ సైప్రస్ అనే చిత్తడి అడవిలో ప్రపంచంలోకెల్లా పెద్ద విమానాశ్రయం కట్టడం మొదలుపెట్టారు. 39 చదరపు మైళ్ల స్థలం, ఆరు రన్‌వేల ప్లాను. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులోకి నీళ్లు పారే దారిలో ఉందా స్థలం. దీని ప్రభావం ఎలా ఉంటుందో చూడమని, ప్రభుత్వ భూములు, నేషనల్ పార్కులు చూసుకునే అక్కడి ఇంటీరియర్ శాఖ లూనా లియోపోల్డ్ అనే జల శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక అధ్యయనం చేయించింది. 1969లో రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టులో రెండు విషయాలు ఈనాటికీ మనకు పాఠాలే. మొదటిది, వాళ్లు విమానాశ్రయం ఒక్కదాన్నే చూడలేదు. విమానాశ్రయం వస్తే దాని చుట్టూ ఊళ్లు వస్తాయి, రోడ్లు వస్తాయి, ఆ ఊళ్లు మునగకుండా ఉండాలంటే నీళ్లను తోడి పారబోయాలి, వాటి మురుగు ఎక్కడికో పోవాలి. ఇవన్నీ కలిపి లెక్కలోకి తీసుకున్నారు. రన్‌వే కింద పోయే చెట్లు లెక్కపెట్టి చేతులు దులుపుకోలేదు. రెండోది, భాష. ఈ అభివృద్ధి అంతా దక్షిణ ఫ్లోరిడా జీవావరణాన్ని, దానితో పాటు నేషనల్ పార్కును నాశనం చేసి తీరుతుందని మొదట్లోనే కుండబద్దలు కొట్టినట్టు రాశారు. ఇప్పుడు మన రిపోర్టులు తీయండి. "స్వల్పంగా ప్రభావితం అయ్యే అవకాశం లేకపోలేదు." ఈ వాక్యం అర్థం కావాలంటే రెండుసార్లు చదవాలి, అర్థమయ్యాక కూడా అందులో ఏమీ ఉండదు. నీళ్లు నమలడాన్ని మనం ఒక కళ స్థాయికి తీసుకెళ్లాం.

1970 జనవరిలో ఆ ప్రాజెక్టును ఆపేస్తూ ఒప్పందం కుదిరింది. కట్టిన ఒక్క రన్‌వే అలా మిగిలింది. 1974లో బిగ్ సైప్రస్ రక్షిత ప్రాంతమైంది. ఈ గెలుపు లియోపోల్డ్ ఒక్కడిదే అని నేను అనను. అక్కడి ప్రజలు, వేటగాళ్లు, ప్రకృతి ప్రేమికులు, రాజకీయ నాయకులు అందరూ కదిలారు. కానీ వాళ్లందరి చేతిలో పట్టుకోవడానికి ఒక రిపోర్టు ఉంది.

లియోపోల్డ్ పేరు విద్యార్థులకు వేరే కారణంతో తెలిసి ఉంటుంది. అవును, ఆ మ్యాట్రిక్సే. ఏ పని పర్యావరణంలో దేని మీద ఎంత ప్రభావం చూపుతుందో అంచనా వేయడానికి 1971లో ఆయన, సహచరులు కలిసి తయారు చేసిన పట్టిక. ఒకవైపు 100 రకాల పనులు, మరోవైపు 88 పర్యావరణ అంశాలు, మొత్తం 8,800 గళ్లు. మీరు పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టింది అదే. ఆ గళ్లు గీసిన మనిషి అంతకు ముందు ఒక విమానాశ్రయాన్ని ఆపిన రిపోర్టు రాశాడని సిలబస్‌లో చెప్పరు. చెప్పి ఉంటే మీలో కొందరికి ఆ గళ్ల మీద అంత విసుగు పుట్టేది కాదేమో.

చట్టం సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి, అవార్డులకు దీనికి సంబంధం ఉంది. పెద్ద పని తలపెట్టే ముందు దాని పర్యావరణ ప్రభావం రాసి చూపించాలన్న నియమం మొదటిసారి ఒక దేశ చట్టంగా వచ్చింది అమెరికాలో, 1970 జనవరి 1న. దాని వెనక ఉన్నవాళ్లలో లింటన్ కాల్డ్‌వెల్ అనే రాజనీతి శాస్త్ర ప్రొఫెసర్ ఒకరు. గాలి నీళ్ల శాస్త్రవేత్త కాదు, ప్రభుత్వాలు నిర్ణయాలు ఎలా తీసుకుంటాయో చదివిన మనిషి. మంచి మాటలు చెప్తే అధికారులు వినరు, ఫలానా కాగితం లేనిదే ఫైలు కదలదు అంటే వింటారని ఆయన పట్టుకున్నాడు. ఆ ఆలోచన తర్వాత దేశదేశాలకూ పాకింది. 1992లో రియోలో జరిగిన ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు ప్రకటనలో 17వ సూత్రం అయింది. 2010లో ఉరుగ్వే నది ఒడ్డున కాగితపు గుజ్జు (పల్ప్) మిల్లుల కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా, పొరుగు దేశానికి తీవ్రమైన నష్టం జరిగే ప్రమాదం ఉన్నచోట ఇలాంటి అంచనా తప్పనిసరి అంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ అమెరికా చట్టం గురించే 1989లో అక్కడి సుప్రీంకోర్టు, ఒక స్కీ రిసార్టు కేసులో, తేల్చి చెప్పింది: ఈ చట్టం తెలియక తీసుకునే నిర్ణయాన్ని ఆపుతుందే గానీ తెలివితక్కువ నిర్ణయాన్ని ఆపదు. అంటే అన్నీ రాసి, అన్నీ చదివి, ఆ తర్వాత కూడా చెడ్డ పని చేయవచ్చు. చాలా దేశాల్లో పరిస్థితి దీనికి పెద్ద తేడాగా లేదు. మన చేతిలో వీటో లేదు. మనకు ఉన్నది ఆ రిపోర్టులో నిజం రాసే అవకాశం ఒక్కటే. క్లయింటు డబ్బులిస్తాడు, అతనికి నచ్చని మాట మనం రాయాలి. ఇంత ఇరుకులో పనిచేసే మనిషికి తోటివాళ్ల గౌరవం అనేది అలంకారం కాదు, ఆసరా. రేపు ఒక కుర్ర ప్లానర్‌ను పై అధికారి "ఆ పేరా తీసేయ్" అన్నప్పుడు, అలాంటి పేరా ఉంచినందుకే పోయినేడు ఫలానా వాళ్లకు అవార్డు వచ్చిందన్న సంగతి ఆ అమ్మాయికి గుర్తుండాలి. అవార్డుకు నేను చూసే అసలు ఉపయోగం అదే.

మరి జ్యూరీగా మేం ఏం చూశాం? నా పద్ధతి చెప్తాను. ఎంత లావు రిపోర్టు వచ్చినా ముందు నేను ప్రత్యామ్నాయాల అధ్యాయం, అంటే అదే పనిని ఇంకెలా చేయొచ్చో పోల్చి చూసే చోటు, తెరుస్తాను. అమెరికా నిబంధనల్లో 1978లో ఆ అధ్యాయాన్నే మొత్తం రిపోర్టుకు గుండెకాయ అన్నారు. మామూలుగా అక్కడ మూడు ఉంటాయి. ఏమీ చేయకపోవడం ఒకటి, క్లయింటు ముందే అనుకున్నది ఒకటి, ఓడిపోవడానికే పుట్టించిన మూడోది ఒకటి. ఆ మూడోదాన్ని చూస్తే జాలేస్తుంది. దాని రోడ్డు కొండెక్కి దిగుతుంది, ఖర్చు రెట్టింపు, పోయే అడవి రెట్టింపు. ఎవరైనా దాన్ని ఎందుకు ఎంచుకుంటారు? ఎంచుకోకూడదనే కదా పెట్టింది. అలాంటి పట్టిక కనబడితే మిగతా ఎనిమిది వందల పేజీలు ఎంత అందంగా ఉన్నా నాకు మనసు రాదు.

మంచి రిపోర్టులో ఆ అధ్యాయం వేరేగా ఉంటుంది. గెలవగలిగిన ప్రత్యామ్నాయం ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఎందుకు వదిలేశారో, ఏ రోజు, ఎవరి మాట విని వదిలేశారో ఉంటుంది. ఇంకొకటి కూడా చూస్తాను. ఎక్కడైనా "ఈ సీజన్‌లో సర్వే చేయలేదు కాబట్టి ఈ పక్షుల గురించి మేం చెప్పలేం" అని రాశారా? ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎంత టెన్షన్ పడాలో నాకు తెలుసు. రాస్తే ఫైలు వెనక్కి వస్తుందని భయం. రాయకపోతే ఎవరికీ తెలియదు. తెలియకపోయినా రాసినవాళ్లకు నేను మార్కులు వేశాను, దాచుకోను.

మన అవార్డుల పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. రిపోర్టు ఆమోదం పొందిన ఏడాదే దానికి అవార్డు ఇచ్చేస్తున్నాం. అందులో చెప్పినవి నిజమయ్యాయో లేదో తెలియక ముందే! రాల్ఫ్ బక్లీ అనే పరిశోధకుడు 1991లో ఆస్ట్రేలియా రిపోర్టుల్లోని అంచనాలను తర్వాత జరిగిన దానితో పోల్చి చూశాడు. అంకెలతో చెప్పి, పరీక్షించడానికి వీలున్న అంచనాల కచ్చితత్వం సగటున 44 శాతం అని తేలింది. అవి మెరుగ్గా రాసిన రిపోర్టుల్లో పోల్చడానికి వీలైన అంచనాలు అని గుర్తుంచుకోండి. పోల్చడానికే వీలు లేకుండా రాసినవి ఎన్నో.

దీనికి మనం తలదించుకోవాల్సిన పని లేదు. ప్రకృతి మన ఎక్సెల్ షీటు మాట వినదు. కానీ వెనక్కి వెళ్లి చూడకపోవడం మాత్రం తప్పే. నాటిన మొక్కల సంఖ్య ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. ఐదేళ్ల తర్వాత బతికున్న మొక్కల సంఖ్య ఎక్కడ ఉంటుందో చెప్పండి? ఒక చెరువుకు బదులుగా ఇంకోచోట తవ్వించిన చెరువులో కప్పలు గుడ్లు పెట్టాయా? వన్యప్రాణుల కోసం రోడ్డు కింద కట్టిన సొరంగంలోంచి ఏ జంతువైనా వెళ్లిందా, లేక అందులో పైపులు దాచుకుంటున్నారా? ఇవి చూసేవాళ్లు ఉన్నారు. చిన్న ఉద్యోగాల్లో, చిన్న జీతాలతో, కెమెరా బ్యాటరీలు మార్చుకుంటూ తిరిగేవాళ్లు. వాళ్లకు మన దగ్గర కేటగిరీయే లేదు. వచ్చే ఏడాది నుంచి కనీసం ఒక అవార్డు పూర్తయి ఐదేళ్లు దాటిన పనులకే ఇవ్వాలని జ్యూరీ తరఫున లిఖితపూర్వకంగా సిఫార్సు చేశాం. అంచనా తప్పిందని ఒప్పుకుని, దాన్ని సరిచేసిన వాళ్లు కూడా అప్లై చేయొచ్చు. చేయాలి కూడా.

పేర్ల సంగతి ఒకటి ఉంది. అవార్డు ఎవరి పేరు మీద ఇవ్వాలి? సంస్థ పేరు మీద ఇస్తే డైరెక్టర్ వచ్చి తీసుకుంటాడు. పని చేసిన అమ్మాయి మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. అది సరిదిద్దడం తేలికే, నామినేషన్ ఫారంలో ఇంకో కాలమ్ పెడితే చాలు. కష్టమైన ప్రశ్న వేరే ఉంది. నెదర్లాండ్స్‌లో 1993, 1995 వరదల తర్వాత నదులకు చోటివ్వాలని ఒక పెద్ద కార్యక్రమం పెట్టారు. కరకట్టలు ఇంకా ఎత్తు చేస్తూ పోకుండా, నది పొంగినప్పుడు నీళ్లు పరుచుకోవడానికి భూమి వదిలేయడం దాని ఉద్దేశం. ముప్పైకి పైగా చోట్ల చేశారు. అందులో ఓవర్‌డీప్సే అనే పోల్డర్ ఉంది, అంటే కట్టలతో నీళ్లను ఆపి సాగు చేసుకునే పల్లపు భూమి. దాన్ని వరద నీటికి వదలాలన్నారు. అక్కడ పాడి రైతులున్నారు. వాళ్లు కోర్టుకు వెళ్తారనుకుంటాం కదా? వాళ్లే కూర్చుని ఒక ప్లాను తెచ్చారు: కట్ట వెంబడి మట్టి దిబ్బలు వేయండి, వాటి మీద మా ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకుంటాం, వరదొచ్చినప్పుడు పొలాల్లోకి నీళ్లు రానిస్తాం. అందరికీ అక్కడ చోటు సరిపోలేదు, కొందరు వేరే చోటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు దిబ్బల మీద ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఈ ప్లానుకు అవార్డు ఇస్తే ప్లానర్ ఎవరు? డిగ్రీ ఉన్నవాళ్లు ఆ ఆలోచనను లెక్కల్లో పెట్టారు, నీటి మట్టాలు సరిచూశారు, డబ్బు తెచ్చారు. అది చిన్న పనేం కాదు. రైతుల మాట విని తమ డ్రాయింగు పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద పని, దానికీ గుర్తింపు ఉండాలి. కానీ జ్ఞాపిక మీద రైతుల పేర్లు లేకపోతే అది సగం జ్ఞాపికే. ప్రజాభిప్రాయ సేకరణను తూతూమంత్రంగా ముగించి, రిజిస్టరులో సంతకాల సంఖ్య చూపించి "విస్తృత ప్రజా భాగస్వామ్యం" అని రాసే నామినేషన్లు మాకు చాలా వచ్చాయి. ఆ సమావేశం వల్ల ప్లానులో ఏ గీత మారింది అని అడిగితే జవాబు లేదు. గీత మారని చోట భాగస్వామ్యం ఏముంది, హాజరు తప్ప?

బయటి ప్రపంచం మనల్ని ఎలా చూస్తుందో కూడా ఒక మాట. నోబెల్‌లో పర్యావరణానికి బహుమతి లేదు. జాకబ్ ఫోన్ ఉక్స్‌కుల్ అనే ఆయన అలాంటిది పెట్టమని నోబెల్ ఫౌండేషన్‌ను అడిగాడు, కుదరదన్నారు. అప్పుడాయన తన స్టాంపుల కలెక్షన్ అమ్మి 1980లో సొంతంగా రైట్ లైవ్లీహుడ్ అవార్డు మొదలుపెట్టాడు. 1990 నుంచి గోల్డ్‌మన్ బహుమతి ఉంది, అది జనం మధ్య పోరాడే వాళ్లకు ఇస్తారు. మంచి బహుమతులు ఇవి. కానీ ఆఫీసులో కూర్చుని, నాలుగు శాఖల మధ్య నలిగి, ఒక షరతును ఆమోద పత్రంలో చేర్పించిన మనిషి దాకా అవి రావు. ఆ మనిషిని మనం గుర్తించకపోతే ఇంకెవరూ గుర్తించరు.

ఇక స్కాలర్‌షిప్‌ల దగ్గరికి వస్తాను. నిజం చెప్పాలంటే నాకు అవార్డుల కన్నా ఇవే ముఖ్యం.

వంగారి మాతాయ్ పేరు అందరికీ తెలుసు. నోబెల్ శాంతి బహుమతి, 2004. అంతకు ముందు, 1989లో, నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల టవర్ కట్టబోతే ఆమె లేఖల మీద లేఖలు రాసి, అవమానాలు పడి, చివరికి ఆపించింది. అదీ మన పనే, కట్టకుండా ఆపడం. ఆ కథకు ఇంకా వెనక్కి వెళ్తే 1960 వస్తుంది. ఆ ఏడాది కొన్ని వందల మంది కెన్యా విద్యార్థులను స్కాలర్‌షిప్‌లతో అమెరికా పంపారు, అందులో ఆమె ఒకరు. కాన్సాస్‌లో ఒక చిన్న కాలేజీలో జీవశాస్త్రం చదివింది. ఆ జాబితాలో ఆమె పేరు టిక్ పెట్టిన కమిటీకి పార్కు, టవర్, బహుమతి ఇవేమీ తెలిసే అవకాశం లేదు. బాగా చదివే ఒక పల్లెటూరి అమ్మాయి అని మాత్రమే తెలుసు. కమిటీల్లో కూర్చునే మా బోటివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. "ఈ స్కాలర్‌షిప్ వల్ల సమాజానికి ఏం ఒనగూరుతుంది, ఐదు లైన్లలో రాయుము" అని ఫారంలో అడుగుతాం చూడండి, ఆ గడిలో ఆమె ఏం రాసి ఉండేది?

రెండో కథ ఇంత బాగుండదు. రేచల్ కార్సన్ 1932లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జంతుశాస్త్రంలో ఎంఏ చేసింది. పీహెచ్‌డీ మొదలుపెట్టి 1934లో మానేసింది. చదవలేక కాదు, ఇంట్లో డబ్బుల్లేక. ఆర్థిక మాంద్యం రోజులు, కుటుంబం ఆమె మీద ఆధారపడింది. తర్వాత ఆమె ప్రభుత్వ మత్స్య శాఖకు రేడియో స్క్రిప్టులు రాసింది, సముద్రం మీద పుస్తకాలు రాసింది, 1962లో పురుగుమందుల మీద రాసిన పుస్తకంతో చరిత్రే మారింది. చూశారా, డబ్బు లేకపోయినా పైకొచ్చింది కదా అని దీన్ని వాడేవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. మానేసి కూడా పైకొచ్చిన ఒక్క మనిషి పేరు మనకు తెలుసు. మానేసి అక్కడితో ఆగిపోయిన వాళ్ల పేర్లు తెలియవు కాబట్టే ఆ వాదన నిలబడుతోంది.

మన కోర్సుల్లో ఎక్కడ మానేస్తున్నారో నేను చూసినంత వరకు చెప్తాను. ఫీజు దగ్గర కొందరు ఆగుతారు, కానీ ఎక్కువమంది ఆగేది ఫీల్డు దగ్గర. ఒక చిత్తడి నేల మీద థీసిస్ చేయాలంటే కనీసం ఒక తడి కాలం, ఒక పొడి కాలం చూడాలి. అంటే ఏడాది పొడుగునా తిరగాలి. బండి పెట్రోలు, రాత్రి బస, నీళ్ల నమూనాలు పరీక్షించడానికి ల్యాబ్ ఫీజు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ విషయంలో క్యూజీఐఎస్ లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి అక్కడ గండం గడిచింది. మిగతావి గడవలేదు. మన స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పుడు పడుతోంది? అప్లికేషన్లు, వడపోత, కమిటీ, సంతకాలు, సభ, చెక్కు. అది పడేసరికి వానలు వెళ్లిపోతున్నాయి. కప్పలు మన ఆర్థిక సంవత్సరం చూసుకుని అరవవు కదా. తొలి వానలకు అరుస్తాయి, గుడ్లు పెడతాయి, వెళ్లిపోతాయి. ఆ పది రోజులు తప్పితే ఆ విద్యార్థికి ఒక ఏడాది తప్పినట్టే. అప్పుడు ఏం చేస్తారు? పాత రిపోర్టులోని జాబితా దించేస్తారు. తర్వాత ఉద్యోగంలో కూడా అదే అలవాటవుతుంది. బేస్‌లైన్ డేటా, అంటే ప్రాజెక్టుకు ముందు అక్కడున్న పరిస్థితి వివరాలు, కాపీ కొట్టారని మనం తిట్టే కన్సల్టెంట్లలో ఎంతమంది ఇలా తయారయ్యారో ఆలోచించండి. ఈసారి నుంచి మొదటి విడత సగం డబ్బు సభకు ముందే పడేలా కోశాధికారి గారిని ఒప్పించాం. ఆయనకు ప్రత్యేకంగా థాంక్స్, ఆడిటర్‌తో ఆయన పడ్డ తిప్పలు నేను చూశాను.

జీతం లేని ఇంటర్న్‌షిప్ ఇంకో గండం. మన వృత్తిలోకి వచ్చే తలుపే అది. ఆరు నెలలు ఊరికే పనిచేయగలిగిన పిల్లలు లోపలికి వస్తారు. చేయలేనివాళ్లు బయటే ఆగిపోతారు. అలా ఆగిపోయేవాళ్లలో ఎక్కువమంది మనం ప్రాజెక్టులు పెట్టే ఊళ్ల పిల్లలే. వరద ఎక్కడిదాకా వస్తుందో మోడల్ నడపకుండానే చెప్పగలిగిన వాళ్లను తలుపు బయట నిలబెట్టి, లోపల మనం మోడల్ నడుపుతున్నాం. ఇక్కడ పెద్ద సంస్థల వాళ్లు చాలామంది కూర్చున్నారు. స్కాలర్‌షిప్ నిధికి మీరిచ్చే చెక్కుకు కృతజ్ఞతలు. మీ ఇంటర్న్‌కు స్టైపెండ్ ఇస్తే అంతకు రెట్టింపు కృతజ్ఞతలు.

చెక్కు మాట వచ్చింది కాబట్టి, ఇబ్బందికరమైనదైనా ఒకటి చెప్పేస్తాను. ఈ నిధికి ప్రాజెక్టులు కట్టే కంపెనీల నుంచి కూడా డబ్బు వస్తుంది. వద్దనాలా? వద్దనాలని కొందరు మిత్రులు గట్టిగా అంటున్నారు, వాళ్ల బాధ నాకర్థమవుతుంది. నా అభిప్రాయం వేరు. డబ్బు తీసుకుందాం, కానీ ఆ డబ్బు మొత్తం నిధిలో కలిసిపోవాలి. దాతకు ఎంపికలో మాట ఉండకూడదు. థీసిస్ అట్ట మీద కంపెనీ లోగో ఉండకూడదు. ఏ విద్యార్థికి ఎవరి డబ్బు వెళ్లిందో విద్యార్థికి కూడా తెలియకూడదు. ఈ షరతులకు ఒప్పుకోని దాత ఇవ్వకపోయినా పర్వాలేదు.

అప్లికేషన్లు చదివిన అనుభవంతో విద్యార్థులకు ఒక చిన్న మాట. "చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ప్రాణం" అన్న వాక్యంతో మొదలుపెట్టకండి. దాదాపు అందరూ అలాగే మొదలుపెడతారు, చదివేవాళ్లకు కళ్లు మూతలు పడతాయి. ఈసారి ఎంపికైన ఒక అప్లికేషన్‌లో మొదటి వాక్యం ఇది: "మా బస్‌స్టాప్ వెనక కాలువలో నీళ్లు శనివారం ఒక రంగులో, ఆదివారం ఇంకో రంగులో ఉంటాయి, ఎందుకో కనుక్కోవాలి." ఇంకేం కావాలి? ఆ అబ్బాయి మార్కులు మధ్యస్థంగా ఉన్నాయి. రికమండేషన్ లెటరు మిగతా అందరి లెటర్ల లాగే ఉంది, ప్రొఫెసర్లు ఏమీ అనుకోకపోతే. కానీ ఆ అబ్బాయి కాలువ వైపు రెండుసార్లు చూశాడు. మనకు కావలసింది అలాంటి చూపు, మిగతాది నేర్పొచ్చు.

డబ్బుతో పాటు ఈసారి ప్రతి విద్యార్థికి ఒక మెంటర్‌ను జత చేస్తున్నాం. అవార్డు తీసుకుంటున్న వాళ్లలో ప్రతి ఒక్కరినీ ఒక విద్యార్థి బాధ్యత తీసుకోమని అడిగాం, అందరూ సరేనన్నారు. ఫోన్ నంబరు ఇచ్చి ఊరుకోవడం కాదు, ఏడాదిలో కనీసం ఒకసారి విద్యార్థితో పాటు వాళ్ల సైటుకు వెళ్లాలి. నడవాల్సి ఉంటుంది. సరైన బూట్లు లేవన్న సాకు చెల్లదు, ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో పెట్టాం.

ఇంక నేను దిగిపోతాను. ఒక్క మార్పు మాత్రం చెప్పి. ప్రతి ఏడాదీ అవార్డులు ముందు ఇచ్చి, స్కాలర్‌షిప్‌లు చివర్లో, హాలు సగం ఖాళీ అయ్యాక ఇస్తున్నాం. ఈసారి వరస మార్చమని కోరాను, నిర్వాహకులు ఒప్పుకున్నారు. విద్యార్థులు మొదట వస్తారు. అవార్డు గ్రహీతలు వేదిక కింద నిలబడి తమకు కేటాయించిన విద్యార్థిని పైకి తీసుకొస్తారు. పేర్ల జాబితా కార్యదర్శి గారి దగ్గర ఉంది, అమ్మా, మీరు మొదలుపెట్టండి.